రెడ్ వైన్‌కు నక్షత్రాలు సరే, ఎండ లెక్క ఏది?

సంపాదకుల వారికి,

నమస్కారం. వెయ్యి రూపాయల్లోపు దొరికే రెడ్ వైన్ల మీద ఈ మధ్య మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఐదు సీసాల బొమ్మలు, పక్కన నక్షత్రాలు, కింద ధరలు, చివరన గుండెకు మంచిదని ఒక మాట. వ్యాసకర్త శ్రద్ధగానే రుచి చూశారు, ఆయన నాలుకకు నేను వంక పెట్టను. అయితే ఆ సీసాలు ఏ ఊళ్లో కొన్నారో, ఏ నెలలో తెరిచారో, తెరిచేముందు ఎక్కడ ఉంచారో ఒక్క ముక్క కూడా లేదు. చల్లటి గదిలో తెరిచిన సీసాకు వేసిన నాలుగు నక్షత్రాలు, ఒంగోలులో మే నెలంతా దుకాణం పై అరలో ఉడికిన అదే సీసాకు చెల్లవు. పెట్టిన డబ్బుకు గిట్టుబాటు అవుతుందా లేదా అని తేల్చే వ్యాసంలో ముందు రావలసిన సంగతి ఇదే, అదే రాలేదు.

నేను పొగాకు మనిషిని. 1985లో ఆంధ్రలో పొగాకు వేలం మొదలైన రోజుల్లో చిన్న ఉద్యోగిగా చేరి, కొనుగోలుదారుగా పదవీ విరమణ చేశాను. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల్లో బేళ్ల వరుసల మధ్య నడవడమే నా ఉద్యోగం. ఒక్కో బేలు దగ్గర నిలబడేది కొన్ని క్షణాలు. ఆ కాస్త సేపట్లోనే ఆకు రంగు చూడాలి, వేళ్ల మధ్య నలిపి జిగి చూడాలి, బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో) సరిగ్గా పదునెక్కిందో మాడిందో ముక్కుతో పట్టాలి, కిలోకు ఎంత పెట్టవచ్చో అనుకోవాలి. రైతు పేరు చూసి, ఊరు చూసి ధర చెప్పేవాడు ఆ పనిలో ఎక్కువ కాలం నిలవడు. అప్పట్లో బెల్జియం నుంచి వచ్చే కొనుగోలుదారులు వెంట సీసాలు తెచ్చేవారు. వాళ్ల పుణ్యమా అని నాకు రెడ్ వైన్ రుచి అంటింది. ఇప్పుడు అల్లుడు సెలవులకు వచ్చినప్పుడల్లా ఇద్దరం కూర్చుని తక్కువ ధర సీసాలను పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తాం. ఇందుకోసం ఒక నోటు పుస్తకం కూడా ఉంది. ఇంటావిడకు ఈ వ్యవహారం బొత్తిగా నచ్చదు, కానీ సీసాలకు కాగితం చుట్టి అంకెలు వేసేది మాత్రం ఆవిడే. (చుట్టేది మీ పత్రికే, కోప్పడవద్దు.)

కాగితం చుట్టడం ఆడంబరం కాదు. ధర ముందే తెలిస్తే నాలుక అబద్ధం చెబుతుంది. 2008లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, ధర చెప్పకుండా జరిపిన ఆరు వేలకు పైగా రుచి పరీక్షల ఫలితాలు లెక్కగట్టారు. ప్రత్యేక శిక్షణ లేని మామూలు మనుషులు ఖరీదైన వైన్‌ను ఎక్కువగా ఇష్టపడలేదు, సగటున కొంచెం తక్కువే ఇష్టపడ్డారు. అదే ఏడాది మరో ప్రయోగంలో ఒకే వైన్‌ను ఒకసారి పది డాలర్లదని, మరోసారి తొంభై డాలర్లదని చెప్పి ఇస్తే, తొంభై అన్నప్పుడే బాగుందన్నారు. అంతకు ముందు 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్ల వ్యాపారి పేర్లు దాచి పెట్టిన పోటీలో, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే తమ దేశపు పేరున్న బోర్డో ప్రాంతం వైన్లను కాదని కాలిఫోర్నియాలోని స్టాగ్స్ లీప్ వారి 1973 నాటి రెడ్ వైన్‌కు మొదటి స్థానం ఇచ్చారు. అంతటి వాళ్ల సంగతే అలా ఉంటే మీ వ్యాసకర్త, నేను ఎంత! ఆయన సీసాలు కప్పి రుచి చూశారా, చూపించి రుచి చూశారా అన్నది కూడా రాసి ఉండాల్సింది.

ఇక మేము చూసే తీరు. గాజు గ్లాసులో మూడో వంతుకు మించకుండా పోస్తాం. తెల్ల కాగితం మీద గ్లాసును వాల్చి అంచు దగ్గర రంగు చూస్తాం. కొత్త రెడ్ వైన్ అంచు నేరేడు రంగులో ఉంటుంది. అది ఇటుక రంగుకు తిరిగితే వయసు మీద పడిందని, ఏడాది రెండేళ్ల సీసాలోనే అలా తిరిగితే వేడి తగిలిందని అర్థం. తర్వాత గ్లాసు తిప్పి ముక్కు పెడతాం. షిరాజ్ అనే ద్రాక్ష రకంతో చేసినదైతే మిరియం ఘాటు లీలగా తగలాలి. కాబెర్నె సావిన్యో అనే మరో రకంలో పచ్చి క్యాప్సికం వాసన గుప్పుమంటే కాయ పూర్తిగా పండకముందే కోశారని, లేదా తీగ మీద మోయలేనంత కాపు ఉంచారని లెక్క. తడి అట్టపెట్టె వాసన వస్తే బెండు (కార్కు) మూత పాడైంది, ఇక రుచి చూడనక్కర లేదు. నోట్లో పోసుకున్నాక నేను తక్కువ ధర సీసాను అడిగేది పెద్దగా ఏమీ లేదు. పండు వాసన బతికి ఉండాలి. పులుపుకు నోరు ఊరాలి. వగరు చిగుళ్లను పట్టుకుని కాసేపటికి వదిలేయాలి. మింగాక గొంతు మండకూడదు. ఈ నాలుగూ ఉన్న సీసా ఎనిమిది వందలకు వస్తే, రెండు వేల సీసా జోలికి వెళ్లవలసిన అవసరం నాకైతే కనిపించలేదు.

ఈ నాలుగింటిలో మొదటి మూడింటినీ చంపేది ఎండ. వైన్‌ను 12 నుంచి 15 డిగ్రీల మధ్య దాచాలని చేసేవాళ్లే చెబుతారు. మన దగ్గర వేసవి మధ్యాహ్నం 42 దాటడం వింత కాదు. ద్రవం వేడెక్కితే వ్యాకోచించి బెండును పైకి తోస్తుంది. రాత్రి చల్లబడితే కుంచించుకుపోయి బయటి గాలిని లోపలికి లాగుతుంది. రోజూ పగలు, రాత్రి ఇదే తంతు. బ్రాందీ, విస్కీలకు ఈ బాధ లేదు. 42.8 శాతం ఆల్కహాలు ఉన్న మూత బిగించిన సీసాను ఏడాది పాటు ఆ వేడిలో ఉంచినా పెద్దగా మారదు. వైన్‌లో ఉండేది 12 నుంచి 14 శాతమే, మిగిలినదాంట్లో మారుతూ ఉండే సరుకు ఉంటుంది. దుకాణదారుకు ఈ తేడా తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే అతని అమ్మకంలో వైన్ వాటా బహుశా చిటికెడు. బీరుకు ఫ్రిజ్ ఉంటుంది. వైన్ పై అరలో ట్యూబ్‌లైటు పక్కన దుమ్ము పట్టి నిలబడి ఉంటుంది. మా ఊళ్లో ఒక దుకాణంలో అయితే పడమటి ఎండ నేరుగా పడే అద్దాల అరలోనే వరుసగా పేర్చారు. చూడటానికి బాగుంటుందట.

మాట వరసకు చెప్పడం లేదు. ఒకే పెట్టెలోంచి, ఒకే నెలలో నింపిన షిరాజ్ సీసాలు రెండు సంక్రాంతికి ముందు కొన్నాం. రెండిటికీ బెండు మూతలే. ఒకదాన్ని ఫ్రిజ్‌లో కూరగాయల అర మీద పడుకోబెట్టాం, రెండోదాన్ని వంటింటి అటక మీద నిలబెట్టాం. అటక పైన కాంక్రీటు కప్పు, కప్పు మీద పగలంతా ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, సరిగ్గా ఆ రోజుల్లో రెండూ దించి, ఒకే చల్లదనానికి తెచ్చాం. ఇంటావిడ వాటిని లోపలి గదిలో తెరిచి కాగితం చుట్టి తెచ్చి పెట్టింది. మొదటి గ్లాసులో రంగు నిండుగా ఉంది, ముక్కు పెట్టగానే నేరేడు, వెనుక మిరియం. రెండో గ్లాసు అంచు మట్టి రంగుకు తిరిగింది. వాసన ఉడికించిన ఖర్జూరం, అడుగంటిన బెల్లం పాకం. నోట్లో పులుపు నిలవలేదు, వగరు ఎండిపోయి నాలుకకు గరుకుగా తగిలింది, చివర ఆల్కహాలు ఒక్కటే మిగిలింది. అల్లుడు ఇది వేరే కంపెనీ సరుకన్నాడు. కాగితం విప్పాక బెండు చూశాం. ఫ్రిజ్ సీసా బెండు అడుగున మాత్రమే ఎర్రబడి ఉంది. అటక సీసా బెండుకు పక్కన అడుగు నుంచి పై దాకా ఊదా చార పాకింది, మెడకు చుట్టిన రేకు లోపల వేలు పెడితే జిగురు అంటింది. ఒకే వైన్, ఒకే ధర. మీ వ్యాసకర్త ఏ సీసాకు ఎన్ని నక్షత్రాలు వేసేవారు?

కొనేముందు తెలుసుకునే దారి ఉంది. మెడ దగ్గర రేకును వేళ్లతో పట్టుకుని తిప్పి చూడండి. చాలా సీసాల మీద అది కొద్దిగానైనా తిరుగుతుంది. అంటుకుపోయి ఉంటే లోపల కారిందేమోనని అనుమానించాలి. బెండు రేకును పైకి పొడుచుకు వచ్చినట్లు ఉంటే ఆ సీసా వద్దు. పక్క సీసాలతో పోల్చి వైన్ మట్టం తగ్గి ఉన్నా వద్దు. అన్నిటికంటే ముఖ్యం వెనుక చీటీ. దాని మీద సీసాలో నింపిన నెల, సంవత్సరం ఉంటాయి. ముందు చీటీ మీద సంవత్సరం ఉంటే అది ద్రాక్ష కోసిన ఏడాది. మన దేశంలో వైన్ ద్రాక్ష తోటలకు వర్షాలు వెళ్లాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కత్తిరింపు వేస్తారు, జనవరి నుంచి మార్చి దాకా కోత. మా పొగాకు కూడా ఇంచుమించు అదే కాలానికి బ్యారన్‌లకు చేరుతుంది కాబట్టి ఈ క్యాలెండరు నాకు తేలిగ్గా ఎక్కింది. కిందటి వేసవికి ముందే నింపిన సీసా ఇప్పుడు దుకాణంలో ఉందంటే, ఆ వేసవి అది ఎక్కడ గడిపిందని అడగాలి. సమాధానం రాకపోతే వర్షాల తర్వాత నింపిన సీసా అడగండి. నేను కొనేది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా (కార్తీక సోమవారాల్లో తాగను, అది వేరే సంగతి). ఆ తర్వాత లారీ మీద నాసిక్ నుంచి ఎండలో ప్రయాణించి వచ్చిన సరుకును ముట్టుకోను.

పాతదైతే మంచిదనే నమ్మకం ఒకటి మన వాళ్లలో బలంగా ఉంది. పాత స్టాకు మీద వంద రూపాయలు తగ్గిస్తామంటే సంబరపడి కొంటారు. పొగాకును కూడా గోదాములో ఏడాది రెండేళ్లు మాగబెడతారు, దానివల్ల ఘాటు తగ్గి వాసన పెరుగుతుంది. కానీ ఆకులో సత్తా ఉంటేనే. లో గ్రేడు ఆకును ఎన్నాళ్లు మాగబెట్టినా లో గ్రేడే, పైగా బరువు తగ్గుతుంది. వెయ్యి రూపాయల్లోపు వైన్లు దాదాపు అన్నీ రెండు మూడేళ్లలో తాగేయడానికి చేసినవే. వాటికి వయసు బలం కాదు, జబ్బు.

ధర సంగతికి వస్తే, సీసా మీద అచ్చయిన అంకెలో వైన్ వాటా ఎంతో ఎవరూ రాయరు. మద్యం జీఎస్టీలోకి రాదు, ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. 2001లో మహారాష్ట్ర ద్రాక్ష ప్రాసెసింగ్ పరిశ్రమల విధానం తెచ్చి స్థానిక వైన్‌కు ఎక్సైజు సుంకం మినహాయించింది. నాసిక్ చుట్టూ వైనరీలు పుట్టుకొచ్చింది ఆ ఊపులోనే. అక్కడి రాయితీలు సరిహద్దు దాటి మన దగ్గరకు రావు. అందుకే నాసిక్‌లో చూసిన ధర ఒంగోలులో ఉండదు. 2024 అక్టోబరులో మన రాష్ట్రంలో ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చాక రకాలు పెరిగిన మాట నిజం, కానీ రకం పెరిగినంత మాత్రాన గిట్టుబాటు పెరిగినట్లు కాదు.

దిగుమతి సీసాల దగ్గర మీ వ్యాసం మరీ తొందరపడింది. విదేశీ సరుకు కాబట్టి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదని రాశారు. లెక్క వేద్దాం. విదేశీ వైన్ మీద కేంద్రం వేసే సుంకం చాలా కాలంగా 150 శాతం. 2021 బడ్జెట్‌లో దాన్ని 50 శాతం సుంకంగా, 100 శాతం వ్యవసాయ సెస్సుగా విడదీశారు, మొత్తం మాత్రం మారలేదు. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చింది, దాని కింద సుంకం దశలవారీగా తగ్గుతోంది. కానీ ఆ తగ్గింపు రేవుకు చేరేసరికి ఐదు డాలర్లు, అంతకు మించి విలువ చేసే సీసాలకే. మూడు డాలర్ల సీసాకు పూర్తి సుంకం కట్టాల్సిందే. మూడు డాలర్లంటే లెక్క కోసం 250 రూపాయలే అనుకుందాం. అందులో గాజు, మూత, ఓడ కిరాయి కూడా కలిసే ఉన్నాయి. దాని మీద 375 సుంకం పడితే రేవులోనే 625. ఆ పైన రాష్ట్రం పన్ను, టోకు వ్యాపారి లాభం, దుకాణం లాభం. మీరు పదహారు వందలు పెట్టి కొన్న విదేశీ సీసాలో గాజూ ఓడ కిరాయీ పోగా వైన్ విలువ వంద, నూట యాభై ఉంటే గొప్ప. తొమ్మిది వందల నాసిక్ సీసాలోనో, బెంగళూరు దగ్గరి నంది కొండల సీసాలోనో అంతకంటే మేలైన సరుకు ఉండటానికే అవకాశం ఎక్కువ. నంది కొండల దగ్గర గ్రోవర్ కుటుంబం 1988 నుంచి ఫ్రెంచి రకాలు పెంచుతోంది. నాసిక్‌లో సులా కంపెనీ 2000లో మొదటి వైన్ తెచ్చింది. సోలాపూర్ జిల్లా అక్లుజ్‌లో ఇటలీ రకం సాంజొవేజె కూడా వేశారు. వీటిలో అన్నీ నాకు నచ్చాయని కాదు. కొన్నిటిలో తీపి ఎక్కువ, కొన్నిటిలో వగరు మొరటు. కానీ నా నోటు పుస్తకంలో కాగితం విప్పకముందు మంచి మార్కులు పడ్డవి ఎక్కువగా ఈ దేశపు ఎనిమిది, తొమ్మిది వందల సీసాలకే.

ఓక్ చెక్క పీపాలో మాగబెట్టినదని చీటీ మీద రాసి ఉంటే మన వాళ్లు కళ్లకద్దుకుంటారు. బోర్డో పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. కొత్త ఫ్రెంచి ఓక్ పీపా మన డబ్బులో అరవై వేలకు తక్కువ రాదు. అంటే సీసాకు 200 రూపాయలు చెక్కకే. పన్నులూ లాభాలూ పోను వైన్‌కు మిగిలేదే అంత లేని ఎనిమిది వందల సీసాకు కొత్త పీపా యోగం ఎక్కడిది? వాడేసిన పీపాలో పోసి ఉంటారు, లేదా ఓక్ ముక్కలు వేసి నానబెట్టి ఉంటారు. అది మోసమేమీ కాదు, చాలా దేశాల్లో చేసే పనే. కానీ వెనిలా వాసన గుప్పుమని, కింద పండు వాసన లేకపోతే నేను మార్కులు కోస్తాను. బ్యారన్‌లో పొగ పట్టిన ఆకును ఎంత మెరిపించి తెచ్చినా పక్కన పెట్టేవాళ్లం.

తెరిచాక ఏమవుతుందన్నది కూడా ధరలో భాగమే. 750 మిల్లీలీటర్ల సీసా అంటే 150 చొప్పున ఐదు గ్లాసులు. తొమ్మిది వందల సీసా అయితే గ్లాసు 180. మూత తీసిన రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఇంట్లో తాగేది ఒక్కరే అయి, రెండు గ్లాసులు పారబోస్తే, తాగిన మూడు గ్లాసులూ మూడేసి వందలు పడ్డట్లు. అలాంటి ఇంటికి 375 మిల్లీలీటర్ల సగం సీసా ఐదు వందలకు దొరికినా మేలే. కాగితం మీద అది ఖరీదు, సింకులో పోయేది ఉండదు కాబట్టి చౌక. ఆ సగం సీసాలు మన జిల్లాలో అడిగితే దొరకవు. మీ వ్యాసంలో రాయదగిన కబురు అది.

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలని కూడా రాశారు. ఆ గది చలిదేశంలో ఉన్న రాతి ఇల్లు అయి ఉంటుంది. 16 నుంచి 18 డిగ్రీలు అన్నమాట. మా హాల్లో మే నెల రాత్రి తొమ్మిదికి కూడా 33 ఉంటుంది. అలా తాగితే ఆల్కహాలు ముక్కుకు కొట్టి మంచి వైన్ కూడా మందులా ఉంటుంది. తాగే ముందు అరగంటకు పైగా ఫ్రిజ్‌లో ఉంచమని ఒక్క మాట రాసి ఉంటే పాఠకుడికి పైసా ఖర్చు లేకుండా సీసా విలువ పెరిగేది.

పక్కన ఏం తినాలన్న దానికి మీరు నెల్లూరు చేపల పులుసు అన్నారు. రాసినవారు ఆ రెండూ కలిపి తిని ఉండరు. చింతపండు పులుపు ముందు వైన్ పులుపు చప్పబడుతుంది, కారానికి వగరు తోడై నోరు భగ్గుమంటుంది, చేపతో కలిస్తే ఇనుము నాకినట్లు ఉంటుంది. మైపాడు నుంచి వచ్చిన కొరమేను... కాదు, కొరమేను చెరువుది, సముద్రం నుంచి వచ్చిన వంజరం అనుకోండి, దాన్ని మామిడికాయ వేసి వండి, మర్నాటి పొద్దున వేడన్నంలో తినాలి, పక్కన మంచినీళ్లు చాలు. రెడ్ వైన్‌కు కారం తగ్గించిన వేటమాంసం వేపుడు బాగుంటుంది. కంద వేపుడు కూడా ఫర్వాలేదు.

పోర్ట్ పేరుతో దొరికే తియ్యటి వైన్‌ను మీ జాబితాలో చేర్చడం నాకు నచ్చలేదు. పోర్చుగల్‌లోని డౌరో లోయలో పులిసే రసంలో ద్రాక్ష స్పిరిట్ కలిపి చేసేది అసలైనది. మన దగ్గర తక్కువ ధరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం బెంగళూరు బ్లూ వంటి తినే ద్రాక్షతో చేసి తీపి చేర్చినవి. ఇష్టమైనవాళ్లు తాగవచ్చు, షిరాజ్ పక్కన పెట్టి మార్కులు వేయడం మాత్రం తగదు.

గుండెకు మంచిదన్న మాట తీసేయాల్సింది. ఫ్రాన్సులో వెన్న, జున్ను తినేవారికి గుండె జబ్బులు తక్కువని, అది రెడ్ వైన్ మహిమని 1990ల మొదట్లో ప్రచారం జరిగింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మద్యంలో సురక్షితమైన మోతాదు అంటూ లేదని స్పష్టంగా చెప్పింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఈ విషయంలో మన ప్రాంతానికి ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా దుకాణం మూయించిన రోజులు నాకు బాగా గుర్తు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు, అన్నీ మా కళ్ల ముందే జరిగాయి. కూలి డబ్బులు ఇంటికి రాకుండా పోయిన కుటుంబాలు మా బేళ్లు మోసినవాళ్లలో ఎన్నో ఉన్నాయి. ఎవరైనా ఇప్పటిదాకా తాగనివారు గుండె కోసమంటూ మొదలుపెడితే ఆ పాపంలో పత్రికకూ వాటా ఉంటుంది. తాగేవాడు రుచి కోసం తాగుతున్నానని ఒప్పుకుంటే చాలు.

అందువల్ల నా కోరిక. ఇకపై ఇలాంటి వ్యాసం వేస్తే సీసా కొన్న ఊరు, నెల, నింపిన తేదీ, పేరు కప్పి చూశారా లేదా అన్నవి ధర పక్కనే వేయండి. జిల్లాల్లోని మీ విలేకరులతో ఒక్క వేసవి మధ్యాహ్నం దుకాణాల పై అరల దగ్గర థర్మామీటరు పెట్టించి ఆ అంకె అచ్చు వేయండి. ఎక్సైజు అధికారులు, టోకు వ్యాపారులు ఆ అంకె చూస్తే, వైన్ సీసాలను బీరు ఫ్రిజ్ పక్కకు మార్చమని చెప్పడానికి పెద్ద ఖర్చేమీ కాదని వాళ్లకే తెలుస్తుంది.

నా పేరు, చిరునామా మీ కార్యాలయం కోసం విడి కాగితం మీద రాశాను. పేరు అచ్చు వేయవద్దని మనవి. మా వీధి గుడి కమిటీలో సభ్యుణ్ని.

ఇట్లు,
పొగాకు కొనుగోలులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పాఠకుడు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా

తా.క.: మీ జాబితాలో రెండో సీసాకు మర మూత (తిప్పి తీసేది) ఉందని, అది చౌకరకానికి గుర్తని రాశారు. న్యూజిలాండ్ వైన్ తయారీదారులు 2001లోనే పూనుకుని మర మూతల వైపు మళ్లారు, ఇప్పుడు అక్కడి సీసాల్లో అత్యధిక భాగం అవే. బెండులా ఎండిపోదు, తడి అట్ట వాసన తేదు, దుకాణంలో నిలబెట్టి ఉంచినా నష్టం లేదు. ఒకే ధరకు రెండు సీసాలు ఉంటే మన ఎండలకు నేను మర మూత సీసానే తీసుకుంటాను. మీ ఐదింటిలో నేను కొన్నది కూడా ఆ రెండోదే.